మిరప కోతల్లో అత్త పంటినొప్పి

మొన్న బ్రాడీపేటలో పళ్ళ డాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కింది దవడలో మిగిలిన నాలుగు పళ్ళకీ ఏదో ఒక దారి చూడాలని మా అమ్మాయి పట్టుబట్టి ఆటో ఎక్కించింది. చల్లటి గది, మందు వాసన, గోడ మీద టీవీలో ఆగకుండా పళ్ళు తోముకుంటున్న బొమ్మ పిల్లాడు. నా పక్క కుర్చీలో, ఏడో నెలో ఎనిమిదో నెలో ఉన్న ఒకమ్మాయి కుడి చెంప మీద చున్నీ అదిమిపెట్టుకుని కూర్చుంది. ఆమె వెంట వచ్చిన పెద్దావిడ బల్ల దగ్గరున్న పిల్లని గొంతు తగ్గించి అడిగింది.

“కడుపుతో ఉన్న మనిషికి పన్ను ముట్టుకోవచ్చా అమ్మా? కాన్పయ్యాక తీసుకొస్తే సరిపోదా?”

ఆ మాట నేను మొదటిసారి విన్నది మా ఇంటి వాకిట్లో, నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు, మా నాయనమ్మ నోట.

మాది గుంటూరుకి రెండు గంటల దూరంలో నల్లరేగడి ఊరు. ఆ ఏడు పత్తి తీతలు అయిపోయి మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. మా ఇంటి వెనకే కల్లం. కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య బారులు తీరి కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు. గాలి అటునుంచి వీస్తే ఇంట్లో పిల్లి కూడా తుమ్మేది. దుప్పట్లలో, మంచినీళ్ళ కుండలో, అమ్మ జడలో ఒకటే ఘాటు. పొరపాటున కళ్ళు నులుముకుంటామని పిల్లలం చేతులు వెనక్కి పెట్టుకుని నడవడం నేర్చుకున్నాం.

పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. నాయనమ్మది కచ్చిక బూడిద, అందులో చిటికెడు ఉప్పు. నాన్న వేపపుల్ల నములుతూ పొలం దాకా వెళ్ళి, అక్కడ దాన్ని రెండుగా చీల్చి నాలుక గీసుకుని, కాలవలో నోరు కడుక్కునేవాడు. అమ్మది గులాబీరంగు పళ్ళపొడి. అది తియ్యగా ఉండేది కాబట్టి నేను కొంచెం తోముకుని మిగతాది మింగేదాన్ని. రాత్రిళ్ళు పళ్ళు తోముకుంటారన్న సంగతే మాకు తెలియదు. అన్నం తిన్నాక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని పడుకోవడం మా ఇంటి పిల్లలకి ఎవరూ కాదనలేని హక్కు.

రాత్రి కూడా నోరు శుభ్రం చేసుకోవాలని మాకు మొదట చెప్పింది నర్సమ్మ. ఊరికి పడమట చర్చి ఉన్న పేటలో ఆమె ఇల్లు. చాలా ఏళ్ళు గుంటూరులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి, తల్లికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చింది. తెల్లచీర, కాలికి చెప్పులు, చేతికి గడియారం. హెడ్మాస్టరు గారు ఆమెని బడికి పిలిచి మా అందరి నోళ్ళూ చూపించారు. మేం వరసగా నిలబడి నోరు తెరిస్తే ఆమె టార్చిలైటు వేసి చూసి, ఒక్కొక్కరికీ ఒక మాట చెప్పింది. నా దగ్గరికి వచ్చినప్పుడు, “రాత్రి పూట ఏం తింటావు?” అని అడిగింది. నేను తల దించుకుని, బెల్లమన్నాను. “బెల్లం తినొద్దని అననులే. అన్నంతో పాటే తిను. పడుకునే ముందు నోరు బాగా పుక్కిలించి, ఉత్త వేలితో అయినా తోముకో. రాత్రంతా నోట్లో తీపి ఉంటే అది పన్నుని తినేస్తుంది,” అంది. నేను ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాయనమ్మ నవ్వింది. తన నోట్లో పళ్ళు అరవై ఏళ్ళుగా ఎవరికీ చూపించలేదనీ, అయినా చెరుకు గడ నమలగలననీ చెప్పింది. అది నిజమే.

ఆ కోతల కాలంలోనే అత్త పురిటికి వచ్చింది. అత్త అంటే నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పడమట మెట్ట ఊళ్ళో ఇచ్చారు. అక్కడి బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయని చెప్పేది. అత్త పళ్ళు మాత్రం మా ఊరి నీళ్ళతో పెరిగినవి. తెల్లగా, పేర్చినట్టు ఉండేవి. ఆమె నవ్వితే మా ఇంటికొచ్చిన వాళ్ళు ఆ నవ్వు గురించే మాట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళు. సీమంతం చేసి తీసుకొచ్చారు కాబట్టి చేతుల నిండా గాజులు, చీరకొంగున ఎప్పుడూ ఏదో ఒక తినుబండారం. తొలి నెలల్లో వేవిళ్ళతో బాగా చిక్కిపోయిందట. ఏం తిన్నా వాంతయ్యేదట. ఇప్పుడు ఆకలి తిరిగొచ్చిందని నాయనమ్మ జీళ్ళు, పప్పుండలు, సున్నుండలు చేసి డబ్బాల్లో పెట్టింది. ఆ డబ్బాలకి నేను కాపలా అన్నమాట. కాపలావాళ్ళు తినేది లెక్కలోకి రాదు.

అత్త వచ్చిన వారానికి నన్ను వెనక వసారాలోకి పిలిచింది.

“పోపులపెట్టెలోంచి నాలుగు లవంగాలు తీసుకురావే. అమ్మకి చెప్పొద్దు.”

ఎందుకని అడిగాను. నోరు తెరిచి చూపించింది. ఆ తెల్లటి వరస వెనక, కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను సగం లేదు. మధ్యలో నల్లటి గుంట. బయటికి కనిపించే పళ్ళకీ, లోపలి పళ్ళకీ అంత తేడా ఉంటుందని నాకు తెలియదు. అత్త లవంగాన్ని నలిపి ఆ గుంటలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది.

ఎందుకు దాచిందో ఆ తర్వాత రోజుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది. తనకి ఎనిమిదేళ్ళప్పుడు పాలపన్ను నొప్పి వస్తే, మా తాత ఆమె తలని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడట. పక్క ఊరి వైద్యుడొకాయన పట్టకారుతో పన్ను లాగాడట. మొదటిసారి విరిగి, రెండోసారి ఊడింది. అప్పటి నుంచి పట్టకారు మాట వింటేనే ఆమె అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేది. నొప్పి సంగతి చెబితే మళ్ళీ అదే జరుగుతుందని ఆమె భయం. కాన్పయ్యేదాకా లవంగాలతో నెట్టుకొస్తానంది.

నేను పది రోజులు లవంగాలు దొంగిలించాను. నాకది గొప్పగా ఉండేది. పెద్దవాళ్ళ రహస్యం ఒకటి నా గుప్పిట్లో ఉందనుకునేదాన్ని. లవంగాలు అయిపోతే నర్సమ్మని అడుగుదామా అని ఒకసారి అన్నాను. అత్త నా చేయి గట్టిగా పట్టుకుని ఒట్టు వేయించుకుంది.

ఒకరోజు నాయనమ్మ పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో పచ్చడి తొక్కింది. వేడన్నంలో ఆ పచ్చడి, నూనె కలిపి అందరికీ ముద్దలు పెట్టింది. అత్త ఎడమవైపు నమలబోయి మరిచిపోయి కుడివైపు నమిలింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. కారం ఎక్కువైందేమో అని నాయనమ్మ ఇంకాస్త నూనె పోసింది. మా ఇంట్లో ఆ నెలల్లో అందరికీ కళ్ళనీళ్ళు కారుతూనే ఉండేవి కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు.

చివరికి నాయనమ్మ కనిపెట్టింది. పోపులపెట్టెలో లవంగాలు అయిపోవడం ఒకటి. అత్త మజ్జిగన్నం తప్ప ఏదీ తినకపోవడం ఇంకొకటి. నోరు తెరవమని తనే చూసింది. చూసి, పిప్పిపన్ను అంది, పురుగు చేరిందంది. సరిగ్గా ఆ వారంలోనే పన్ను పురుగు తీస్తామని కేకేసుకుంటూ ఒకావిడ వీధిలో వచ్చింది. ఆమె ఏటా కోతల కాలంలో వచ్చేది. అప్పుడైతే ప్రతి ఇంట్లోనూ పెట్టడానికి మిరపకాయలుంటాయి.

ఆమె పని చూడటానికి వీధిలో పిల్లలంతా చేరాం. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసింది. మధ్యలో పెంకు పెట్టి దాని మీద నిప్పులు వేసింది. నేలవాకుడు పండ్లు చిదిపి, గింజల్ని నేతిలో కలిపి నిప్పుల మీద చల్లింది. పైన అడుగుకి చిల్లి ఉన్న చిన్న కుండ బోర్లించి, ఆ చిల్లిలో వెదురు గొట్టం పెట్టి, రెండో కొస అత్త నోటి దగ్గర ఉంచింది. అత్త దగ్గుతూ ఆ పొగని పన్నుకి పట్టించింది. కుండ తీసి చూపిస్తే నీళ్ళ మీద తెల్లటి, సన్నటి పురుగులు. పది పదిహేను ఉంటాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాయనమ్మ ఆవిడకి చేటెడు మిరపకాయలు పోసింది.

వాకుడు చెట్లు మా పొలం గట్ల మీద ఎన్నో ఉండేవి. ముళ్ళు, ఊదారంగు పువ్వులు, గోళీకాయల్లాంటి పసుపు పండ్లు. మర్నాడు నేను ఓ గుప్పెడు కోసుకొచ్చి, గడ్డివామి చాటున పాత పళ్ళెం, పెంకు, పగిలిన కుండ పోగేసి అదంతా చేశాను. నా పళ్ళలో ఎన్ని పురుగులున్నాయో చూసుకోవాలని నా కోరిక. పొగ రాగానే దగ్గొచ్చి, గొట్టం పారేసి దూరంగా పరిగెత్తాను. కాసేపటికి వచ్చి కుండ ఎత్తితే నీళ్ళ మీద పురుగులున్నాయి, అత్తకి వచ్చినన్నే. అక్కడ ఎవరి నోరూ లేదు. పుల్లతో ఒకదాన్ని పైకి తీసి చూశాను. అది కదల్లేదు. గింజ పగిలితే లోపలినుంచి వచ్చిన మొలకలా ఉంది.

పరిగెత్తుకెళ్ళి నాయనమ్మకి చెప్పాను. ఆమె పనిలో ఉంది. గడ్డివామి దగ్గర నిప్పు పెట్టావా అని నా వీపు మీద రెండు వేసింది. పురుగుల మాట ఆమె చెవికెక్కలేదు. పైగా అత్తకి ఆరోజు నొప్పి తగ్గింది. నొప్పి తగ్గాక పురుగులు నిజమైనవా కాదా అని ఎవరికి కావాలి? అత్త రెండు రోజులు హాయిగా నిద్రపోయింది. పన్ను లోపలి నరం చచ్చిపోతే నొప్పి అలాగే ఆగుతుందనీ, అప్పుడే చీము కిందికి దిగడం మొదలవుతుందనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

మూడో రోజు పొద్దున అత్త చెంప ఉబ్బింది. నాయనమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసి, తవుడు వేడిచేసి మూటగట్టి కాపడం పెట్టింది. సాయంత్రానికి వాపు దవడ కిందికి జారింది. మర్నాటికి గడ్డం, మెడ కలిసిపోయాయి. అత్త నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. ఉమ్ము మింగలేక కొంగుతో తుడుచుకుంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. నేను పక్కన కూర్చుంటే నా చేయి తీసుకుని తన పొట్ట మీద పెట్టింది. లోపల బిడ్డ కదిలింది. అంతవరకూ నాకు భయం వేయలేదు. అప్పుడు వేసింది.

నాన్న గుంటూరు తీసుకెళదామన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. గుంటూరు వెళితే పన్ను పీకుతారు, కడుపుతో ఉన్న పిల్లకి పన్ను పీకిస్తే బిడ్డ దక్కదు, వియ్యంకులకి ఏం సమాధానం చెబుతావు అని నిలదీసింది. వాళ్ళు అలా వాదించుకుంటుంటే నేను ఇంట్లోంచి బయటపడి పడమటి పేటకి పరిగెత్తాను.

నేను ఆ పేటలోకి వెళ్ళడం అదే మొదటిసారి. నర్సమ్మ వాళ్ళమ్మకి చెంచాతో జావ తాగిస్తోంది. నేను రొప్పుతూ అంతా చెప్పాను. లవంగాలు, ఒట్టు, వాకుడు పొగ, వాపు, ఏదీ దాచలేదు. ముందే చెప్పి ఉండాల్సింది అని ఏడ్చాను. ఆమె నన్ను ఊరడించనూ లేదు, తిట్టనూ లేదు. నోరు ఎంత తెరుచుకుంటోంది, మింగగలుగుతోందా, ఊపిరి ఎలా ఉంది, ఎన్నో నెల అని వరసగా అడిగింది. జావ గిన్నె పక్కింటామెకి ఇచ్చి, చెప్పులు వేసుకుని నా వెంట బయల్దేరింది.

మా వాకిలి దగ్గరకి వచ్చి ఆగింది. ఆ పేటవాళ్ళెవరూ మా గడప దాటి లోపలికి వచ్చేవాళ్ళు కాదు. ఆమె కూడా దాటలేదు.

“నేను లోపలికి రానండి, పెద్దమ్మగారూ. అమ్మాయిగారినే వెలుతురులోకి తీసుకురండి. ఒకసారి చూసి వెళ్ళిపోతాను.”

నాన్న మంచం తెచ్చి వాకిట్లో వేశాడు. అత్తని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. నర్సమ్మ దగ్గరికి వెళ్ళబోతుంటే నాయనమ్మ అడ్డం నిలబడింది.

“నోట్లో చెయ్యి పెడతావా?”

“పెట్టాలండి. నాలుక కింద ఎంత గట్టిపడిందో చూడాలి.”

నాయనమ్మ జరగలేదు. ఆ అడ్డం నిలబడటంలో ఏముందో అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. నర్సమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు అత్త లేచింది. నాయనమ్మ భుజం మీద చేయి వేసి పక్కకి జరిపి, నర్సమ్మ కుడిచేయి పట్టుకుని తన వాచిన దవడకి ఆనించుకుంది.

నర్సమ్మ నీళ్ళూ సబ్బూ అడిగింది. అమ్మ తెచ్చి చేతుల మీద పోసింది. ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. చెంచా కాడతో అత్త పళ్ళ మధ్య కొంచెం సందు చేసి, చూపుడువేలు నాలుక కిందికి పోనిచ్చి తడిమి తీసింది. తర్వాత దవడ కింద మూడుచోట్ల నొక్కి చూసింది. కాపడం పెట్టారా అని అడిగింది. పెట్టామంటే, బయటినుంచి వేడి పెట్టకూడదనీ, అలా పెడితే చీము బయటికి లాగుతుందనీ చెప్పింది. ఆ తర్వాత నాయనమ్మ వైపు తిరిగింది.

“కడుపుతో ఉన్న మనిషికి పన్ను ముట్టుకోకూడదు కదా, కాన్పయ్యాక చూపిస్తే సరిపోదా?” అంది నాయనమ్మ. ఆ గొంతులో అప్పటికి గద్దింపు లేదు.

“పన్ను తీస్తే బిడ్డకేం కాదండి. నేను పనిచేసినచోట కడుపుతో ఉన్నవాళ్ళకి చాలామందికి తీశారు. ముప్పు పన్నుతో కాదు, చీముతో. ఇది గొంతుకి అడ్డం పడితే ఊపిరి ఆడదు. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? రేపటిదాకా ఆగకండి.”

కల్లంలో లారీకి టిక్కీలు ఎక్కిస్తున్నారు. టిక్కీలంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు. మధ్యాహ్నానికి అది గుంటూరు యార్డుకి బయల్దేరాలి. బస్సు సాయంత్రం గాని లేదు. నాన్న లారీవాడితో మాట్లాడాడు. కాబిన్లో నలుగురికే చోటు. డ్రైవరు పక్కన అత్త, ఆమె పక్కన నర్సమ్మ, తలుపు వైపు నాయనమ్మ, ఆమె ఒళ్ళో నేను. నన్ను ఎందుకు తీసుకెళ్ళారంటే అత్త నా చేయి వదల్లేదు. నాన్న టిక్కీల మీద పడుకున్నాడు.

ఆ రెండు గంటలూ నాకు బాగా గుర్తు. లారీ గుంతలో పడ్డప్పుడల్లా అత్త మూలిగేది. నర్సమ్మ ఆమె తలని తన భుజానికి ఆనించుకుని, ముందుకి వంగి కూర్చోమనీ, వెల్లకిలా వాలొద్దనీ, ఉమ్ము వస్తే మింగకుండా గుడ్డలోకి వదిలేయమనీ చెబుతూ ఉంది. వెనకనుంచి మిరప ఘాటు. ఎవరు దగ్గినా అందరం కదిలేవాళ్ళం. నాయనమ్మ మొదట తలుపుకి అతుక్కుని కూర్చుంది. లారీ ఊగినప్పుడు నర్సమ్మ మీద పడి సర్దుకునేది. కొంత దూరం పోయాక సర్దుకోవడం మానేసింది.

నర్సమ్మ పనిచేసిన డాక్టరు గారి ఆసుపత్రి బ్రాడీపేటలోనే, ఒక మేడ మీద. మెట్ల దగ్గర పళ్ళ వరస బొమ్మ గీసిన బోర్డు. ఆయన అప్పటికే ముసలాయన. నర్సమ్మని చూసి, ఎన్నాళ్ళకి వచ్చావమ్మా అన్నారు. అంతలో అత్త మెడ చూసి వెంటనే ఆమెని లోపలికి నడిపించారు. నర్సమ్మ మేకుకి వేలాడుతున్న ఆప్రాన్ తీసి కట్టుకుని, నీళ్ళు మరగబెట్టడానికి వెళ్ళింది. ఆ గదిలో ఏది ఎక్కడుందో ఆమె చూడకుండానే తీసుకుంటోంది. ఊళ్ళో గడప బయట నిలబడిన మనిషి ఈమేనా అనిపించింది నాకు.

ఆరోజు పన్ను తీయలేదు. దవడ కింద మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి చీము తీశారు. నేను తెర వెనక ఉన్నాను. అత్త అరవలేదు. వాసన మాత్రం తెర దాటి వచ్చింది. తర్వాత అత్త నీళ్ళు అడిగింది, మామూలు గొంతుతో. నాయనమ్మ అక్కడే నేల మీద కూలబడింది. వెనక గదిలో రెండు మంచాలుంటే ఒకదాని మీద అత్తని ఉంచి సూదిమందులు ఇచ్చారు. మూడో రోజుకి నోరు తెరుచుకుంది. అప్పుడు తీశారు పన్ను. పట్టకారు చూసి అత్త మొహం తిప్పుకుంటే డాక్టరు గారు దాన్ని పక్కన పెట్టి, ముందు మత్తు ఇచ్చి, సూదితో చిగురు మీద గుచ్చి, తెలుస్తోందా అమ్మా అని అడిగారు. తెలియడం లేదంది. అయితే ఇంకేం తెలియదు, లాగుతున్నట్టు మాత్రం ఉంటుంది, నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తు, ఆపేస్తాను అన్నారు. ఆమె చెయ్యి ఎత్తలేదు. బయటికొచ్చాక అత్త అన్న మాట ఇది: “చిన్నప్పుడు నన్ను ఎవరూ ఇలా అడగలేదు.”

డాక్టరు గారు నాయనమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడారు. వేవిళ్ళప్పుడు వాంతుల్లో వచ్చే పులుపు పళ్ళని తినేస్తుందనీ, వాంతయ్యాక నీళ్ళతో బాగా పుక్కిలించి, కాసేపు ఆగి అప్పుడు తోముకోవాలనీ చెప్పారు. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంటే తోముకోవడం మానకూడదనీ, ఇంకా మెత్తగా, శ్రద్ధగా తోముకోవాలనీ చెప్పారు. అయిదు ఆరు నెలలప్పుడు వచ్చి చూపించుకుంటే ఇంత దూరం వచ్చేది కాదన్నారు. నాయనమ్మ అన్నిటికీ తలూపింది. చివర్లో ఆయన నన్ను పిలిచి నోరు తెరవమన్నారు. కాలితో తొక్కితే తిరిగే యంత్రం ఒకటుండేది, కుట్టుమిషన్‌లాంటిది. దాంతో నా రెండు పళ్ళు తొలిచి సిమెంటు పెట్టారు. లవంగాలు దొంగిలించినందుకు నాకు పడ్డ శిక్ష అదేననుకున్నాను.

అత్తకి నెలలు నిండాక గుంటూరులోనే కాన్పయింది. ఆడపిల్ల. నొప్పులు మొదలవగానే నర్సమ్మకి కబురు పెట్టమని అత్తే చెప్పింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. అత్త దవడ కింద చిన్న సొట్ట మిగిలింది. ఆ తర్వాత నవ్వేటప్పుడు ఆమె చెయ్యి అక్కడికి పోయేది. డెబ్బై దాటేదాకా బతికింది. ఆ పన్ను తప్ప ఇంకొకటి పోగొట్టుకోలేదు. బిడ్డకి మొదటి పన్ను మొలిచిన రోజునుంచీ తడిగుడ్డతో తుడిచేదని మా మెట్ట ఊరి చుట్టాలు వింతగా చెప్పుకునేవాళ్ళు.

మా ఇంట్లో అంతా మారిపోయిందని చెప్పలేను. నర్సమ్మ మళ్ళీ మా వీధిలోకి వస్తే వాకిట్లో నిలబడే మాట్లాడేది. అమ్మ ఆమెకి కాఫీ ఇచ్చేది, విడిగా ఉంచిన గ్లాసులో. ఆమె తాగి, కడిగి, గోడ మీద బోర్లించి వెళ్ళేది. అది చూస్తే నాకు ఏదోలా ఉండేది. పురుగులు తీసే ఆవిడ మరుసటి ఏడు కూడా వచ్చింది. నాయనమ్మ ఆమెని మా ఇంటి ముందు ఆగనివ్వలేదు గానీ పక్కింటివాళ్ళని వద్దనలేదు.

మూడు నాలుగేళ్ళు గడిచాయి. నేను పెద్దబడికి వెళుతున్నాను. పెద్దబడికి పడమటి పేట పక్కనుంచే వెళ్ళాలి. ఒక మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలేశాక నడిచి వస్తుంటే, నర్సమ్మ ఇంటి అరుగు మీద నాయనమ్మ కూర్చుని కనిపించింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెళ్ళింది. తల వెనక్కి వాల్చి, ఎండ వైపు మొహం పెట్టి, నోరు బార్లా తెరిచింది. నర్సమ్మ ఆమె గడ్డం పట్టుకుని, రెండు వేళ్ళు లోపల పెట్టి ఊగుతున్న పన్నుని కదుపుతోంది. చుట్టూ పేట ఆడవాళ్ళు నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. నేను రోడ్డు మీదే ఆగిపోయాను. పన్ను అప్పటికే వేళ్ళాడుతోంది కాబోలు, తేలిగ్గానే వచ్చింది. నర్సమ్మ ఉప్పునీళ్ళు ఇస్తే పుక్కిలించి ఊసింది. దూది మడత పెట్టి కొరికి పట్టుకోమని, అరగంట మాట్లాడొద్దని చెప్పింది. తర్వాత తన ఇంట్లో గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, దూది తీశాక తాగమని. నాయనమ్మ ఆ అరగంటా అక్కడే కూర్చుంది. దూది తీసి ఆ నీళ్ళు తాగింది. నర్సమ్మ కొత్త దూది పెట్టింది.

ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. నాయనమ్మ సందుదారిన కాకుండా ఊరి మధ్య వీధిలో నుంచి నడిచింది. అరుగుల మీద ఉన్నవాళ్ళు ఎక్కడినుంచి వస్తున్నావని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఆమె నోట్లో దూది ఉంది. ప్రతి గడప దగ్గరా ఆగింది. ముందు తన బుగ్గ చూపించి, తర్వాత చేయి చాచి పడమటి పేట వైపు చూపించింది. వాళ్ళకి అర్థమైందని తెలిసేదాకా ఆ చెయ్యి దించలేదు.